ఎదుటి అరచేయి

మిసాక్ తన జన్మలో ఎన్నడూ ఆటలో కాలు కదిపినవాడు కాదు. ఆ ఊళ్లో అది చిన్న విషయమేమీ కాదు. అరగత్స్ కొండ వాలున ఉన్న ఆ ఊరి జనమంతా వందేళ్ల కిందట ససూన్ కొండల్లోంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు. వచ్చేటప్పుడు వాళ్ల వెంట తెచ్చుకోగలిగింది చాలా కొంచెం. ఆ కొంచెంలో యార్ఖుష్తా అనే ఆట ఒకటి. మగవాళ్లు రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడతారు. సన్నాయి గొంతెత్తగానే ఒకరి మీదికొకరు దూసుకొస్తారు. అరచేతులతో అరచేతుల్ని ఫెడీల్మని చరిచి మళ్లీ వెనక్కి జరుగుతారు. పూర్వం యుద్ధానికి పోయేముందు ఎవరి జతగాడితో వాళ్లు ఆడేవాళ్లని పెద్దలు చెబుతారు. ఇప్పటికీ పెళ్లిళ్లలో అది ఆడకపోతే పెళ్లి సగమే జరిగినట్టు లెక్క.

మిసాక్ ఎర్రరాతి గనిలో పనిచేసేవాడు. పెళ్లిలో డోలు మోగగానే మగవాళ్లంతా లేచి ఆటకి పోతే, అతను ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని మాంసం ముక్కలు లవాష్ రొట్టెలో చుట్టుకుంటూ ఉండేవాడు. రాళ్లు కొట్టీ కొట్టీ రాయైపోయాడని జనం ఎగతాళి చేసేవాళ్లు. అతను పట్టించుకునేవాడు కాదు. ఒళ్లు అలిసిపోయేది పనిలోనే చాలదా, మళ్లీ ఆట కూడా ఎందుకనేవాడు.

అతని కొడుకు తోరోస్ సరిగ్గా దానికి తలకిందులు. వాడికి నిలబడమంటే నిలబడటం రాదు, కాళ్లు ఏదో ఒక దరువు వేస్తూనే ఉండేవి. ఊళ్లో ఆట నేర్పే ఓహాన్ ముసలాయన వాణ్ణి బళ్లో చదివే రోజుల్లోనే వరుసలో చేర్చుకుని, ఎదురుగా ముషెగ్‌ని నిలబెట్టాడు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఈడు. ఆ నాటి నుంచి వాళ్ల జత మారలేదు. ఆ ఇద్దరి అరచేతులు కలిస్తే ఆ చప్పుడు గుడి గోడకి తగిలి తిరిగొచ్చేది. సైన్యంలోకి పిలుపు కూడా ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. ఇద్దరూ ఒకే దళంలో పడ్డారు.

ఆ ఏడాది శరత్కాలంలోనే సరిహద్దు అవతల ఆర్త్సాఖ్ కొండల్లో యుద్ధం వచ్చింది. యుద్ధం అయిపోయాక, మంచు పడటం మొదలయ్యాక, తోరోస్ మూత బిగించిన పెట్టెలో వచ్చాడు. మూత తియ్యొద్దన్నారు. పెట్టెతో వచ్చిన అధికారి టోపీ చేత్తో పట్టుకుని, తోరోస్ గుండు తగిలిన చోటే ఆ క్షణంలోనే పోయాడనీ, నొప్పి తెలిసే లోపే అంతా అయిపోయిందనీ చెప్పాడు. తోరోస్ తల్లి షుషాన్ ఆ ఒక్క మాటనీ గట్టిగా పట్టుకుంది. పరామర్శకి ఎవరొచ్చినా ఆ మాటే చెప్పేది. "నా బిడ్డకి నొప్పి తెలీలేదట" అనేది. ఆ మాట మీదే అన్నం తినేది, ఆ మాట మీదే కన్ను మూసేది.

ముషెగ్ కుడిచెయ్యి మోచేతి కిందికి పోగొట్టుకుని ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాడు. వచ్చినవాడు మిసాక్ ఇంటి గడప తొక్కలేదు. దారిలో మిసాక్ గాని షుషాన్ గాని ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. పాపం, వాళ్ల మొహం చూడలేకపోతున్నాడని ఊరంతా జాలిపడింది. షుషాన్ అయితే రొట్టెలు కాల్చినప్పుడల్లా ఒక కట్ట విడిగా గుడ్డలో చుట్టి ముషెగ్ ఇంటికి పంపేది. వాడు తింటే తన కొడుకు తిన్నట్టే ఉంటుందనేది.

యుద్ధం తర్వాత రెండేళ్లు ఊళ్లో ఎవరూ యార్ఖుష్తా ఆడలేదు. మూడో వేసవిలో ఓహాన్ ఊరి గుడి పండగకి మళ్లీ వరుస కట్టాలని పట్టుబట్టాడు. ఇట్లాగే ఇంకో రెండేళ్లు ఊరుకుంటే పిల్లలు ఆ ఆటని మర్చిపోతారని ఆయన భయం. కుర్రాళ్లని ఒక్కొక్కర్నే పోగుచేశాడు. ముషెగ్ రానంటే, ఎడమచేత్తోనే ఆడరా అని ఇంటికెళ్లి కూర్చుని ఒప్పించాడు. మిగిలింది ముషెగ్ ఎదుటి చోటు. ఆ చోటు తోరోస్‌ది గనక, తండ్రిని అడగకుండా ఇంకొకణ్ణి నిలబెట్టడం బాగుండదని ఓహాన్ మిసాక్ ఇంటికి వచ్చాడు.

మల్బరీ సారా తాగాక, మెల్లిగా విషయం కదిపాడు. తన తమ్ముడి మనవణ్ణి ఆ చోట్లో పెడదామనుకుంటున్నాననీ, మిసాక్‌కి అభ్యంతరం లేకపోతేనే అనీ అన్నాడు. మిసాక్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఆ చోట్లో నేను నిలబడతాను మావా" అన్నాడు.

ఓహాన్ అతని మోకాళ్ల వంక చూశాడు. "నువ్వా? గుడిమెట్లు ఎక్కమంటేనే బూతులు తిడతాయి గదరా నీ మోకాళ్లు."

"తిట్టుకోనీ."

కొడుకు మీద ప్రేమతో అంటున్నాడనుకున్నాడు ఓహాన్. కళ్లు తుడుచుకుని, భుజం తట్టి వెళ్లాడు. వంటింట్లోంచి విన్న షుషాన్ కూడా అదే అనుకుంది. ప్రేమ లేదని కాదు. కానీ మిసాక్ మనసులో ఉన్నది వేరు. ఆ అధికారి చెప్పిన మాట అతనికి మొదటి రోజు నుంచీ గొంతు దిగలేదు. గనిలో అంత నున్నటి రాయి దొరకదు, ఎవరో కూర్చుని చెక్కితేనే అట్లా వస్తుంది. అసలు జరిగిందేమిటో తెలిసినవాడు ఒక్క ముషెగే. వాడేమో సందుల్లోకి తప్పుకుపోతున్నాడు. రోజూ ఎదురుగా నిలబడి అరచేతిలో అరచెయ్యి కొట్టేవాడు ఎంతకాలమని నోరు మూసుకుంటాడు? అదీ మిసాక్ ఆలోచన.

మర్నాడు ముషెగ్ ఇంటికి వెళ్లాడు. తల్లీ కొడుకులు తేనెటీగల్ని పెంచి బతికేవాళ్లు. పెరట్లో పెట్టెల దగ్గర ఒంగి ఉన్న ముషెగ్, మిసాక్‌ని చూడగానే పాలిపోయాడు. పారిపోవడానికి పెరట్లో సందు లేదు. తనకి ఆట నేర్పాలనీ, పండగనాడు ముషెగ్ ఎదుట నిలబడేది తనేననీ మిసాక్ చెప్పాడు.

"ఒంటిచెయ్యివాడి దగ్గర ఏం నేర్చుకుంటావ్ బాబాయ్" అన్నాడు ముషెగ్ నేలచూపులు చూస్తూ.

"నీకున్నది ఒక చెయ్యి. నాకు పనిచేసేది ఒక మోకాలు. ఇద్దరం కలిస్తే ఒక మనిషైనా అవుతాం."

గుమ్మంలో నిలబడ్డ ముషెగ్ తల్లి అర్షలూయ్స్ కాదనకురా నాయనా అని బతిమాలింది. ముషెగ్ తలూపాడు.

ఊరి చివర సామూహిక వ్యవసాయం రోజుల్లో కట్టిన గొడ్ల కొట్టం ఒకటి పాడుబడి ఉంది. మధ్యాహ్నాలు గని పని అయ్యాక మిసాక్ అక్కడికి వెళ్లేవాడు. మొదట్లో అతని అవస్థ చూడాలి. ముందుకు రమ్మంటే ఎడ్లబండి పల్లంలోకి దొర్లినట్టు దొర్లుకొచ్చేవాడు. చెయ్యి లేపితే కాలు ఆగిపోయేది, కాలు వేస్తే చెయ్యి మర్చిపోయేవాడు. తాళం కోసం ముషెగ్ నోటితోనే డోలు కొట్టేవాడు. పాలు పితకడానికి అటుగా వెళ్లే ఆడవాళ్లు గోడ కన్నంలోంచి చూసి తలగుడ్డల కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లు. ఇంటికొస్తే షుషాన్ అతని మోకాలికి గొర్రె కొవ్వు వేడిచేసి రాస్తూ, ఈ వయసులో పెళ్లికొడుకు వేషాలు అవసరమా అని సాధించేది. సాధిస్తున్నా ఆమె గొంతులో ఏదో వెలుగుండేది. ఆ ఇంట్లో అట్లాంటి గొంతు వినపడి మూడేళ్లయింది.

ముషెగ్ ఓపిగ్గా నేర్పాడు. కాళ్ల వంక చూడొద్దనేవాడు. ఎదుటివాడి కళ్లల్లోకి చూస్తే కాళ్లు వాటంతటవే వస్తాయనేవాడు. దెబ్బ మణికట్టుతో కాదు, భుజంలోంచి రావాలి. చెయ్యి కలిసే ముందు ఒంటి బరువంతా ముందుకు వదిలెయ్యాలి. అట్లా వదిలితే ఎదుటి అరచెయ్యే నిన్ను ఆపుతుంది, అది లేకపోతే బోర్లాపడతావు. వాడి మీద నమ్మకం ఉంటేనే ఈ ఆట అనేవాడు. రాళ్లు మోసిన మిసాక్ ఒళ్లు తన బరువు ఇంకొకడి చేతిలో పెట్టడానికి మొదట ఒప్పుకోలేదు. మెల్లిగా ఒప్పుకుంది. ఒకనాడు దెబ్బ సరిగ్గా కుదిరి కొట్టమంతా మోగింది. కప్పు మీద పావురాలు లేచిపోయాయి. మిసాక్ పిల్లాడిలా నవ్వాడు. ముషెగ్ కూడా నవ్వాడు. ఊరికొచ్చాక వాడు నవ్వగా ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత ఇద్దరూ గోడకి ఆనుకుని కూర్చుని మజ్జిగ తాగుతూ కబుర్లాడుకోవడం అలవాటైంది. తోరోస్ గురించి తండ్రికి తెలియని సంగతులు ముషెగ్ చెప్పేవాడు. వాడు సిపాయిల బారకాసులో అందరి ముందూ మిసాక్ నడకని అనుకరించేవాడట. గనిలోంచి వచ్చి బూట్లు విప్పుతూ వాటితో మాట్లాడినట్టు గొణుక్కోవడం చేసి చూపిస్తే, సార్జంటు కూడా నవ్వు ఆపుకోలేకపోయేవాడట. మిసాక్‌కి ముక్కులోంచి మజ్జిగ వచ్చింది. ఆ కుర్రాడు తన కొడుకుని కొంచెం కొంచెంగా తిరిగి చేతికిస్తున్నట్టనిపించింది. అడగాలనుకున్నది అడగకుండానే చాలా మధ్యాహ్నాలు గడిచిపోయాయి. అడగకపోతేనేం అని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాడు.

అడిగించింది ఆటే. వెనక్కి జరిగే అడుగులు నేర్పుతున్నాడు ముషెగ్. ముందుకు రావడం కన్నా వెనక్కి పోవడం కష్టం, ఎందుకంటే వెనక్కి పోయేటప్పుడు జతగాడికి వీపు చూపించకూడదు, వాణ్ణి చూస్తూనే పోవాలి అంటూ అంటూ మధ్యలో ఆగిపోయాడు. మిసాక్ వాడి మొహం చూశాడు. చేయి పట్టుకుని గోడ దగ్గర కూర్చోబెట్టాడు.

"చెప్పరా. ఆ ఆఫీసరు చెప్పింది విన్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు."

ముషెగ్ నేలమీద గడ్డిపరక ఒకటి తెంపాడు. "అక్కడికక్కడే పోలేదు బాబాయ్" అన్నాడు.

తర్వాత ఆపకుండా చెప్పాడు. వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చిందట. కొండ దిగుతుంటే తోరోస్‌కి తొడలో గుండు దిగింది. ముషెగ్ వాణ్ణి ఈడ్చుకుంటూ ఒక పాత గొర్రెల దొడ్డి గోడ చాటుకి చేర్చి, బెల్టుతో తొడ బిగించి కట్టాడు. తోరోస్‌కి తెలివి బాగానే ఉంది. బూతులు తిడుతున్నాడు, సిగరెట్టు అడిగాడు. మనుషుల్ని తీసుకొస్తానని ముషెగ్ లేచాడు. తొందరపడకు, నేనెక్కడికీ పోనులే అన్నాడు తోరోస్, నవ్వుతూ. కింద రోడ్డు మీద దెబ్బలు తగిలినవాళ్లతో ఒక లారీ కదులుతోంది.

"నిన్నెవరైనా లాగి ఎక్కించారా?" అని అడిగాడు మిసాక్.

"లేదు. నేనే ఎక్కాను."

"పైన ఒకడున్నాడని చెప్పావా వాళ్లకి?"

"చెప్పలేదు. చెబితే లారీ ఆపుతారని భయమేసింది."

"మరి చెయ్యి?"

"చెయ్యి తర్వాత పోయింది బాబాయ్. లారీ మీద బాంబు పడి. చాలా దూరం వచ్చేశాక."

ఆస్పత్రిలో అధికారి అడిగితే, తోరోస్ అక్కడికక్కడే పోయాడని తనే చెప్పానన్నాడు. చెయ్యి చూసి ఎవరూ ఇంకేమీ అడగలేదట. చెప్పడం అయిపోయాక ముషెగ్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు, దెబ్బ కోసం ఎదురుచూస్తున్నట్టు.

మిసాక్ కొట్టలేదు. ఆ దొడ్డి గోడ చాటున తన కొడుకు ఎంతసేపు ఎదురుచూశాడో, చీకటి పడేదాకానా, మర్నాటిదాకానా, అడగలేదు. అడిగినా వాడికి తెలియదు. లేచి మజ్జిగ గ్లాసు తొట్లో కడిగి, బోర్లించి పెట్టాడు.

"రేపు ఇదే వేళకి రా" అని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి షుషాన్ నేలపొయ్యి దగ్గర కూర్చుని పిండి ఒత్తుతోంది. ముషెగ్ కోసం పక్కన గుడ్డ పరిచి ఉంది. కుర్రాడు ఎట్లా ఉన్నాడని అడిగింది. బాగున్నాడని చెప్పాడు మిసాక్. ఆమె దగ్గర దాచడం ఆమె కోసమేననుకున్నాడు. ఆ మాట లాగేస్తే ఈమె ఏం పట్టుకుని నిలబడుతుంది అనుకున్నాడు. కొంతవరకు అది నిజమే. కానీ లోపల ఇంకొకటి కూడా ఉంది. అతనికి ఒక ఆయుధం దొరికింది, దాన్ని ఎవరికీ చూపించకుండా దాచుకోవాలని ఉంది. గుడి ముందు, ఊరంతా చూస్తుండగా, సన్నాయి మధ్యలో ఏం జరగాలో అతనికి ఆ రాత్రికే తెలిసిపోయింది.

మర్నాడు ముషెగ్ వచ్చాడు. మిసాక్ చోట్లో నిలబడి, మొదలుపెట్టు అన్నాడు. ఆ రోజు నుంచి అతని దెబ్బలు మారాయి. ముషెగ్ ఎడమ అరచెయ్యి వాచి, తేనెపెట్టెల మూతలు తియ్యలేకపోయేవాడు. ఒక్కసారైనా అబ్బా అనలేదు. ఆ నొప్పి వాడికి హాయిగా ఉన్నట్టుండేది. రోజురోజుకీ వాడి మొహం తేటపడింది. సందుల్లోకి తప్పుకోవడం మానేశాడు. ఒకనాటి సాయంత్రం తేనెపట్టు పళ్లెంలో పెట్టుకుని మిసాక్ ఇంటికే వచ్చాడు. మూడేళ్ల తర్వాత ఆ గడప లోపల అడుగు పెట్టడం అదే. షుషాన్ వాణ్ణి తోరోస్ కుర్చీలో కూర్చోబెట్టింది. తెగిపోయిన మోచేతిని పసిపిల్లాడి తలలా నిమిరింది. మిసాక్ లేచి పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

అర్షలూయ్స్ ఒకనాడు గని దారిలో అతని కోసం కాచుకుని నిలబడింది. అతని చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. తన కొడుకు మళ్లీ అన్నం తింటున్నాడనీ, నిద్రలో కేకలు వెయ్యడం మానేశాడనీ చెప్పింది. "నీ కొడుకుని పోగొట్టుకుని నా కొడుకుని నాకిచ్చావు అన్నా" అంది. మిసాక్ చేతులు విడిపించుకుని, పనికి ఆలస్యమవుతోందని నడిచాడు. ఆ రోజంతా ఎన్ని రాళ్లు కొట్టినా ఆ చేతుల తడి ఆరినట్టనిపించలేదు. అయినా మనసు మార్చుకోలేదు.

పండగ ముందురోజు ఆట అయిపోయాక ముషెగ్ గుమ్మం దగ్గర నిలబడిపోయాడు.

"బాబాయ్, నన్ను క్షమించావా?"

మిసాక్ చొక్కా దులుపుకున్నాడు. "ఆట నేర్పావు గదరా. ఇంకేం కావాలి నీకు" అన్నాడు. ముషెగ్ దాన్ని అవునన్నట్టే తీసుకున్నాడు. మిసాక్ కూడా కాదనలేదు.

పండగనాడు గుడి ముందు బండల మీద ఊరు ఊరంతా చేరింది. తెల్లవారే కోసిన పొట్టేళ్ల మాంసం పెద్ద కాగుల్లో ఉడికి, పోయినవాళ్ల పేరున ఇంటింటికీ పంచడం అయింది. షుషాన్ తోరోస్ ఉన్ని కోటుని కుట్లు విప్పి, పక్కల్లో గుడ్డ వేసి, మిసాక్‌కి సరిపోయేట్టు కుట్టింది. అది వేసుకుని అతను వరుసలోకి వచ్చేసరికి ఆడవాళ్లలో ఏడుపు మొదలైంది. ఎదుటి వరుసలో ముషెగ్ కుడిచేతి చొక్కాని మడిచి పిన్నుతో గుచ్చుకుని నిలబడ్డాడు. ఓహాన్ చెయ్యెత్తాడు. సన్నాయి లేచింది, డోలు అందుకుంది.

మొదటి రాకలో అందరి అరచేతులూ ఒక్కసారిగా మోగాయి. మిసాక్ అడుగు తప్పలేదు. గనిలో అతని పక్కన పనిచేసేవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు, మళ్లీ దెబ్బ. తోరోసే లేచి వచ్చాడురా అని ఎవరో అన్నారు. ముషెగ్ కళ్లు తడిగా మెరుస్తున్నాయి. వాడు పూర్తిగా ఆటలో పడిపోయాడు. ఆ తర్వాతి రాకలో వాడు భుజంలోంచి చెయ్యి విసిరి, ఒంటి బరువంతా ముందుకు వదిలాడు. మిసాక్ రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, ఒక్క అడుగు పక్కకి జరిగాడు.

ముషెగ్ అరచేతికి గాలి తగిలింది. ఆనుకోవడానికి రెండో చెయ్యి లేదు. మొహం బండకేసి కొట్టుకుంది. పై పెదవి చీలి, నోట్లోంచి నెత్తురు కారింది. డోలు ఆగింది, సన్నాయి ఇంకో క్షణం సాగి ఆగింది. కాలు జారిందనుకుని ఇద్దరు ముగ్గురు లేవదీయడానికి వంగారు.

"వాణ్ణి ముట్టుకోకండి" అన్నాడు మిసాక్. గొంతు పెంచలేదు, అయినా అందరికీ వినపడింది. "నా కొడుకు అక్కడికక్కడే పోలేదు. బతికుండగా వీడు వదిలేసి లారీ ఎక్కాడు. ఈ చెయ్యి ఆ తర్వాత పోయింది. కాదేమో అడగండి."

అందరూ ముషెగ్ వంక చూశారు. వాడు మోకాళ్ల మీద లేచి కూర్చుని, మోచేత్తో నోరు తుడుచుకున్నాడు.

"అవును" అన్నాడు.

అంతే. మిసాక్ వంక కోపంగా కూడా చూడలేదు. తల్లి వచ్చి నడుం చుట్టూ చెయ్యి వేసి లేవదీస్తే లేచి, జనం తప్పుకుని ఇచ్చిన దారిలో నడిచి వెళ్లిపోయాడు. ఎవరో ఒకరు ఉమ్మేశారు. ఇంకెవరో, దొంగదెబ్బ కొట్టాడు ముసలాడు అని గొణిగారు. ఓహాన్ దగ్గరికొచ్చి మిసాక్ మొహంలోకి చూశాడు. "దీని కోసమా నా ఆట నేర్చుకున్నావ్" అని, డోలు వాణ్ణి సర్దుకోమని సైగ చేశాడు.

మిసాక్‌కి తను అనుకున్న ఊరట రాలేదు. గుండె మీద బండ దిగుతుందనుకున్నాడు. అది ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు షుషాన్ కోసం చూశాడు. ఆమె ఆడవాళ్ల మధ్య, చేతిలో మాంసం గిన్నెతో, కదలకుండా నిలబడి ఉంది. ఈ సంగతి ఆమె వినడం అదే మొదలని అతనికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లు అన్నీ ఆలోచించినవాడు, ఆ ఒక్కటీ ఆలోచించలేదు.

ఇంటిదాకా ఆమె అతనికన్నా ముందే నడిచింది. ఇంట్లోకి వచ్చాక గిన్నె బల్ల మీద పెట్టి అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

అతను చెప్పాడు.

"తెలిసి కూడా నాచేత వాడికి రొట్టెలు పంపించావు. నా ఎదుట వాణ్ణి కుర్చీలో కూర్చోనిచ్చావు." మళ్లీ అడిగింది. "నా బిడ్డ ఏమన్నాడట ఆఖర్న?"

"తొందరపడకు, నేనెక్కడికీ పోనులే అన్నాడట. నవ్వుతూ."

షుషాన్ తల అడ్డంగా ఊపింది. "అవి నువ్వు వాణ్ణి కొట్టడానికి కూడబెట్టుకున్న మాటలు. అందులో నా కొడుకు ఎక్కడున్నాడో నాకు కనిపించట్లేదు. వాడే చెప్పాలి. వాడి నోటితో వినాలి నేను" అంది.

ఆ సాయంత్రమే ముషెగ్ ఇంటికి వెళ్లింది. తలుపు తియ్యలేదు. మర్నాడు మళ్లీ వెళ్లేసరికి పెరట్లో అర్షలూయ్స్ ఒక్కతే ఉంది. ముషెగ్ తెల్లవారే రాజధాని యెరెవాన్ పోయే బండి ఎక్కాడట, అక్కణ్ణుంచి రష్యా పోతాడట. తనకి కోపం లేదనీ, ఒక్క మాట అడగాలంతేననీ షుషాన్ గోడకివతల నిలబడి చెప్పింది. వాడికి ఉన్న ఒక్క అరచేతినీ మీ ఆయన నేలకి రాపించాడు, ఇంకా ఏం అడుగుతావమ్మా అని అర్షలూయ్స్ లోపలికి వెళ్లిపోయింది. ఆకురాలే కాలమంతా షుషాన్ ఆ గోడ దగ్గరికి వెళుతూనే ఉంది. ఒకప్పుడు రోజూ ఒకరి గడపలో ఒకరు కూర్చున్న ఆడవాళ్లు, గోడకి అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడకుండా తిరిగిపోయేవాళ్లు.

ఊళ్లో మనుషులు రెండుగా చీలారు. మిసాక్ చేసింది న్యాయమేనన్నవాళ్లున్నారు, వాళ్లు అతనికి సారా పోసేవాళ్లు. యుద్ధంలో వాడి చోట తాము ఉంటే ఏం చేసేవాళ్లమో ఎవరికి తెలుసన్నవాళ్లూ ఉన్నారు. యుద్ధానికి పోయివచ్చిన కుర్రాళ్లు మాత్రం ఏ పక్కా మాట్లాడకుండా, మిసాక్ వస్తే మెల్లిగా లేచి పోయేవాళ్లు. అది అతనికి అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకుంది. షుషాన్ పక్క తోరోస్ గదిలోకి మార్చుకుంది. వండేది, పెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. రొట్టెలు కాల్చడం మానేసి దుకాణంలో కొనుక్కొచ్చేది. నిద్రలో లేచి కూర్చుని, పక్కగదిలోకి వినపడేట్టు, ఆ దొడ్డి దగ్గర చలిగా ఉండి ఉంటుందా అని ఎవర్నో అడిగేది. అతన్ని కాదు.

శీతాకాలం నడుమ, మంచుతో దారులు మూసుకుపోయిన రోజుల్లో, అర్షలూయ్స్‌కి జబ్బు చేసింది. షుషాన్ వెళ్లి పొయ్యి వెలిగించి, గంజి కాచి తాగించి వచ్చింది. లేచి తిరగగలిగాక అర్షలూయ్స్ తనే షుషాన్ గడప దాకా వచ్చి, కొడుకు ఫోను నంబరు చెప్పి, లోపలికి రాకుండా వెళ్లిపోయింది.

షుషాన్ బల్ల దగ్గర కూర్చుని ఫోను చేసింది. మిసాక్ కిటికీ దగ్గర ఉన్నాడు. అవతల గంట చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. వెనక ఏదో యంత్రం చప్పుడు, రష్యా భాషలో కేకలు వినపడుతున్నాయి.

"ముషెగ్, నేను నాయనా, తోరోస్ అమ్మని" అంది షుషాన్. "నిన్నేమీ అనను. ఒక్కటి చెప్పు. వాడు నవ్వుతూ అన్నాడా ఆ మాట, ఏడుస్తూ అన్నాడా?"

అవతల ఊపిరి వినపడింది. ఏదో చెప్పబోతున్నట్టు ఒకసారి గొంతు సవరించుకోవడం వినపడింది. తర్వాత ఫోను తెగిపోయింది. మళ్లీ చేస్తే మోగలేదు. మర్నాడు చేస్తే ఆ నంబరు లేదంది.

"నవ్వుతూనే అన్నాడే" అన్నాడు మిసాక్ కిటికీ దగ్గర్నుంచి. "నాతో చెప్పాడు. ఒట్టు."

షుషాన్ ఫోను బల్ల మీద పెట్టింది. పొయ్యిలో నిప్పు తగ్గిందని లేచి, పెరట్లోకి కట్టెల కోసం వెళ్లింది.